పెంక నుంచి రేకుకు, రేకు నుంచి స్లాబుకు: మన ఊరి ఇండ్ల చరిత్ర కొంత

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఇంజనీరువు గదా, ఇండ్ల మీద రాయి అన్నారు. ముప్పై ఏండ్లుగా స్లాబులు పోయించిన మనిషి మట్టి ఇండ్ల గురించి రాయడం తమాషాగా ఉండొచ్చు. కానీ మనలో చాలామందికి చౌటుప్పల్‌లోనో, చుట్టుపక్కల ఊళ్లలోనో ఒక పాత ఇల్లుంది. దానికి తాళం వేసి ఉంది. అన్నదమ్ములు కలిసినప్పుడల్లా దాన్ని కూలగొడదామా, రేకులు వేసి కిరాయికిద్దామా, ప్లాటు చేసి అమ్ముదామా అన్న మాట వస్తుంది. ఆ మాట తేలేలోపు ఆ ఇల్లు ఏమిటో, ఎందుకట్ల కట్టారో తెలిసి ఉంటే మంచిదని ఈ వ్యాసం.

మనది రాతి నేల. పైన ఎర్ర చెల్క, చెరువుల అడుగున ఒండ్రు, అక్కడక్కడ చవుడు. నారాయణపురం దిక్కు పోతే రాచకొండ గుట్టలు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఆ గుట్టల మీద కట్టిన కోట గోడలు చూసినవారికి తెలుసు, పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండానే ఒకదాని మీద ఒకటి పేర్చారు. రాజుకు బండలు మోసే మనుషులు దొరుకుతారు. రైతుకు, నేతగానికి, గీత కార్మికునికి కాళ్ల కింద ఉన్న మన్నే దిక్కు. మన ఊళ్ల ఇండ్లన్నీ ఆ మన్నుతో లేచినవే.

గోడ పెట్టే పద్ధతి మన పెద్దలు చాలామంది చూసే ఉంటారు. ఎర్రమన్ను తవ్వి, నీళ్లు పెట్టి, వరిగడ్డి తుంపులో, ఊకో కలిపి కాళ్లతో తొక్కేవాళ్లు. కొన్నాళ్లు నానబెట్టి మళ్లీ తొక్కేవాళ్లు. తర్వాత ముద్దలు చేసి ఒక వరుస పెట్టేవాళ్లు, సుమారు మూరెడు ఎత్తు. అది ఆరాకే పై వరుస. తొందరపడితే గోడ కుంగుతుంది. అందుకే గోడలు లేవడానికే నెలలు పట్టేది. అడుగున రెండడుగుల దాకా మందం, పైకి పోతుంటే అడుగున్నర. లోపల పెండ అలుకు, బయట సున్నం, అంచుకు జాజు. ఈ గోడలో కొన్న వస్తువు దాదాపు ఏమీ లేదు. ఇల్లు కూలినా మన్ను మళ్లీ మన్నులోనే కలిసేది. పాత గోడ మన్నును పొలానికి తోలుకుపోవడం మన ఊళ్లలో మామూలే.

మట్టిలో ఊక కలపడం లేనివాళ్లు చేసే పని అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. అజంతా, ఎల్లోరా రెండూ ఒకప్పుడు మన హైదరాబాదు సంస్థానంలోనే ఉండేవి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యాజ్దానీకి అప్పగించింది. అజంతా బొమ్మల రక్షణకు 1920 ప్రాంతంలో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది. ఆ బొమ్మల కింద ఉన్న పూత మట్టిపూతే. అందులో వరి ఊక, గడ్డిపోగులు ఉన్నాయి. ఎల్లోరా మట్టిపూతలో గంజాయి నార కలిపారనీ, పురుగు పట్టకుండా, తేమకు చెడకుండా అది కాపాడిందనీ 2016లో పరిశోధకులు ప్రకటించారు. ఆ పూత గుహల గోడలకు అంటుకొని పదమూడు, పద్నాలుగు వందల ఏండ్లు గడిచాయి. మన సిమెంటు పూతకు పాతికేండ్ల గ్యారంటీ ఇవ్వడానికి నేనైతే జంకుతాను.

గోడ సంగతి అట్లుంచుదాం. ఎండ ఎక్కువగా దిగేది కప్పు మీద. మన అక్షాంశంలో ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదే ఉంటాడు. గోడలకు చూరు నీడ ఉంటుంది, కప్పుకు ఏ నీడా లేదు. కాబట్టి ఇల్లు చల్లగుందా లేదా అన్నది సగానికి పైగా కప్పే తేలుస్తుంది. మన ఊరి ఇండ్లలో కులం, కలిమి తేడాలు కనిపించిందీ కప్పులోనే.

అడుగున ఉన్నవాళ్లది గుడిసె. తాటికమ్మలు, బోదగడ్డి, వరిగడ్డి. ఒక్క చల్లదనమే లెక్కకు తీసుకుంటే ఊరిలో అన్నిటికంటే మంచి కప్పు ఇదే. గడ్డిపోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని దిగనివ్వదు. అడుగు మందం గడ్డి కప్పితే మే నెల మధ్యాహ్నం కూడా లోపల కూర్చోవచ్చు. కానీ రెండు మూడేండ్లకోసారి కప్పు మార్చాలి. ఒక్క నిప్పురవ్వ పడితే వాడకట్టు మొత్తం బూడిద. ఎండాకాలం పొయ్యి దగ్గర నుంచి లేచిన మంట గాలికి వరుసగా గుడిసెలను తినేయడం చూసిన తల్లి, నాకు చల్లటి ఇల్లు కావాలని అడగదు. అంటుకోని ఇల్లు కావాలని అడుగుతుంది. గడ్డికప్పును మెచ్చుకునే పట్నం మిత్రులు ఈ ముక్క మరవొద్దు.

దాని మీద పెంకుటిల్లు. మొదట గూనపెంక. కుమ్మరి సారె మీద చేసి, నిలువుగా కోసి, బట్టీలో కాల్చినది. ఒక వరుస వెల్లకిల, దాని మీద ఒక వరుస బోర్లా. తర్వాత బంగ్లా పెంక వచ్చింది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన పెంకల కార్ఖానా నుంచి ఆ నమూనా దేశమంతా పాకింది. పెంక చల్లగుంటుందని అందరూ అంటారు. ఒక ఇంజనీరుగా కొంచెం సవరించి చెప్పాలి. పలచటి పెంక తానుగా వేడిని పెద్దగా ఆపదు. పెంకల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, రాత్రికి పెంక తొందరగా చల్లారుతుంది, అంతవరకు దాని మేలు. అసలు కాపాడేది దాని కింద ఉన్న అటక. దూలాల మీద దంతెలు, వాటి మీద పలకలో, వెదురు తడికలో, ఆపైన జానెడు మన్ను. అటక మీద ఉల్లిగడ్డలు, విత్తనాల కుండలు, పనికిరాని సామాను. పెంక ఎండను తీసుకుంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది, అటక మీది మన్ను మిగిలిన వేడిని పట్టుకుంటుంది. గొడుగు కింద తలపాగా చుట్టుకున్నట్టు. పాలమూరు దిక్కు మట్టిమిద్దెల్లో ఈ మన్నే కప్పు. దూలాలు, కర్రలు, ఆకుకంప, ఆపైన మన్ను, అన్నిటికీ పైన నీళ్లు దిగకుండా చవుడు.

అన్నిటికీ పైన దొర గడి. డంగు సున్నం, గచ్చు, రెండు మూడడుగుల గోడలు, ఎత్తయిన కప్పు, నడుమ వాకిలి. ఎద్దు తిప్పే రాతి చక్రం కింద సున్నం, ఇసుక రోజుల తరబడి నలిగేవి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. నల్గొండ గడులలో మే నెలలో కూడా దుప్పటి కప్పుకోవచ్చని చెప్పుకునేవాళ్లు. నిజమే కావచ్చు. ఆ సున్నం డంగు ఆడించిన చేతులకు కూలి ముట్టిందా అని అడిగితే మాత్రం ఈ జిల్లా చరిత్ర వేరే జవాబు చెబుతుంది. వెట్టికి ఎదురుతిరిగి 1946 నుంచి 1951 దాకా ఇక్కడి పల్లెలు పోరాడాయి. పాత ఇండ్ల అందం గురించి రాసే వ్యాసాల్లో ఈ మాట తరచుగా జారిపోతుంది. గడి చల్లదనానికి ఖరీదు ఉండేది, దాన్ని ఇంకొకరు కట్టేవారు.

చిన్న ఇండ్లలోనూ ఇదే లెక్క ఇంకో తీరుగా ఉండేది. పెండతో అలుకు చల్లేది, పండుగకు గోడలు పూసేది, వాన కారిన చోట మన్ను మెత్తేది ఆడవాళ్లు. వానాకాలం ముందు పెంక తిప్పే పని ఏటా ఉండేది. ఒక్క ఏడు తప్పినా పెంక కింద వాసాలు నానేవి, రెండేండ్లు తప్పితే చెదలు. మట్టి ఇల్లు కట్టాక మరిచిపోయే వస్తువు కాదు, బర్రెను సాకినట్టు సాకాలి. మన పాత ఇండ్లు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే. మన్ను తరిగిపోలేదు, ఊక తరిగిపోలేదు. ఏటా ఆ పని చేసే చేతులు వేరే పనులకు పోయాయి. పోవడం తప్పూ కాదు. ఆడపిల్లలు బడికొచ్చారు, మనతో పాటే చదివారు, ఉద్యోగాలకు పోయారు. మగవాళ్లు హైదరాబాదు బస్సెక్కారు. హైవే పక్కన ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇంటిని సాకడానికి మనిషి మిగల్లేదు.

అప్పటికే రేకు సిద్ధంగా ఉంది. 1946లో హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల పరిశ్రమ మొదలైంది. చార్మినార్ రేకు అన్న పేరు తెలియని ఊరు తెలంగాణలో లేదు. తేలిక, అంటుకోదు, కారదు, రెండు రోజుల్లో కప్పు అయిపోతుంది. పైగా కోతులు! ఈ మాట ఏ వాస్తుశిల్ప గ్రంథంలోనూ కనిపించదు గాని, మన ఊళ్లలో పెంకుటిండ్లను అంతం చేసిన వాటిలో కోతులది పెద్ద చెయ్యి. గుట్టల మీద చెట్లు పోయాక అవి ఊళ్ల మీద పడ్డాయి. గుంపు ఒక్కసారి కప్పు మీద ఉరికితే నూరు పెంకలు పగులుతాయి. తిప్పే మనిషి లేడు, కొత్త పెంక చేసే కుమ్మరి లేడు. ఇంటాయన విసిగి రేకులు తెచ్చుకున్నాడు. ఆయన్ను తప్పు పట్టలేం.

ప్రభుత్వం కూడా పక్కా ఇల్లు అన్న మాటకు ఒకే అర్థం ఇచ్చింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినప్పటి నుంచి, 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇండ్లు, తర్వాత డబుల్ బెడ్రూములు, ఇప్పుడు మళ్లీ ఇందిరమ్మ ఇండ్లు, పథకాలు మారాయి గాని నాలుగంగుళాల స్లాబు మారలేదు. గుడిసెలు కాలిపోయే భయం పోయింది, అది చిన్న విషయం కాదు. దాంతో పాటు అటక కూడా పోయింది. దాని స్థానంలో ఏం పెట్టాలని ఏ అంచనా పత్రంలోనూ లెక్క లేదు.

ఏం పోగొట్టుకున్నామో నాలుగు అంకెల్లో చెబుతాను, విసుక్కోవద్దు. ఒక పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో కొలిచే గుణకం ఒకటుంది. భారతీయ చేతిపుస్తకాల ప్రకారం ఆర్‌సీసీకి అది సుమారు 1.58, ఇటుకకు 0.81, మట్టి ఇటుకకు 0.75, రేకుకు 0.25, వరి ఊకకు 0.05. అంటే ఒకే మందంలో స్లాబు గుండా ఊక కన్నా ముప్పై రెట్లు ఎక్కువ వేడి దిగుతుంది. రేకు అంకె చిన్నదే గదా అనిపిస్తుంది. కానీ దాని మందం 6 మిల్లీమీటర్లే. రేకు ఒక్కదాని అడ్డుతో పోలిస్తే రెండంగుళాల ఊక పరుపు సుమారు నలభై రెట్లు అడ్డుకుంటుంది. ఇంకో సంగతి, మధ్యాహ్నం ఎండ నాలుగంగుళాల స్లాబు గుండా లోపలికి రావడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం బయట చల్లబడ్డాక మన గది కాలడం మొదలవుతుంది. అడుగున్నర మట్టిగోడలో ఆ ప్రయాణం పన్నెండు గంటల మాట. వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి కిటికీలోంచి చల్లగాలి వస్తుంటుంది.

ఈ తేడా అందరికంటే ముందు తెలిసింది నేతవాళ్లకు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెంలలో గుంటమగ్గం నేలలోకి ఎందుకు దిగి ఉంటుందో మనకు తెలుసు. నేల తేమ పోగుకు కావాలి. ఎండిన గాలిలో పోగు తెగుతుంది. మట్టిగోడ తేమను పీల్చుకొని మెల్లగా వదులుతుంది కాబట్టి పోగుకు, మనిషికి ఇద్దరికీ సరిపోయేది. రేకుల కింద మగ్గం పెట్టుకున్నాయన ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాల్సిందే. పోచంపల్లి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటైంది. చీరలు చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ చీర ఏ కప్పు కింద నేశారో కూడా తలెత్తి చూస్తే బాగుండు.

ఇది సుఖం మాట మాత్రమే అయితే ఇన్ని పేజీలు తినేవాణ్ణి కాదు. 2015 మే నెల ఎండలకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ అనగానే ఎండలో తిరగొద్దంటాం. రేకుల కింద పడుకున్న ముసలివాళ్లకు ఇంట్లోనూ ఎండే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టేట్టు చేయాలన్నది లక్ష్యం. 600 గజాలకు పైబడిన స్థలాల్లో కట్టే ఇండ్లకు తప్పనిసరి, చిన్న ఇండ్లకు ఐచ్ఛికం. రేకుల కింద బతికేవాళ్లవి చిన్న ఇండ్లే కావడం ఇందులో చిక్కు. ఖరీదైన రంగులే అక్కర్లేదు. స్లాబు మీద రెండు మూడు పూతల సున్నం, అది కూడా మన పాత వస్తువే, ఎండలో చాలా భాగాన్ని వెనక్కి పంపుతుంది. ఏటా వేయాలి, అంతే.

ఇక తాళం వేసిన ఆ ఇల్లు. గోడలు నిలువుగా ఉంటే కూలగొట్టకండి. మట్టిగోడకు సిమెంటు పూత మాత్రం వేయకండి. నేల నుంచి ఎక్కిన తేమ బయటికి పోలేక లోపల గోడను తినేస్తుంది, పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల మన్ను రాలుతుంది. సున్నం పూతో, మట్టిపూతో వేస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. కప్పు మీద ఆస్బెస్టాస్ రేకులుంటే వాటిని కోయకండి, పగలగొట్టకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం, క్యాన్సర్ తెస్తుంది. వాటిని కదిలించకుండా, వాటికి తగలకుండా, కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడికతో లోకప్పు కట్టించి, దాని మీద సంచుల్లో నింపిన ఊక పరవండి. ఊకలో కొంచెం పొడిసున్నం కలిపితే పురుగు తక్కువ. ఎలుకలు రాకుండా అంచుల్లో సన్న జాలీ కొట్టాలి. కరెంటు తీగలు ఊకకు తగలకుండా పైపుల్లో పోవాలి. నిప్పు సంగతి గుడిసెల నుంచే నేర్చుకున్నాం గదా, పొయ్యి ఉన్న గదిలో ఈ పద్ధతి వద్దు.

స్లాబు ఇంటికైతే ఉత్తరాది వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న మట్టి పుస్కా ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీని మీద పని చేసింది, భారతీయ ప్రమాణాల్లో దీనికి ప్రత్యేకంగా ఐఎస్ 2115 కోడ్ ఉంది. స్లాబు మీద నీరు దిగని పూత, దానిపై నాలుగంగుళాల మన్నూ గడ్డీ కలిపిన పొర, పెండమట్టి అలుకు, ఆపైన పలక ఇటుకలు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఇది మన అటకే, స్లాబు మీదికి ఎక్కింది. స్లాబు ఒక్కటే ఆపేదానికి ఇది మూడింతలు అదనంగా కలుపుతుంది. అయితే చదరపు మీటరుకు 150 కిలోలకు పైగా బరువు పడుతుంది. తుప్పు పట్టిన ఊచలు కనిపిస్తున్న పాత స్లాబు మీద దీన్ని వేయొద్దు. ముందు తెలిసిన ఇంజనీరుకు చూపించండి, మన బడిలోనే పదిమంది దొరుకుతారు.

ఊకతోనే ఆగనక్కర్లేదు. పత్తి కట్టెను చేలోనే తగలబెడుతున్నాం. ముంబైలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ దాంతో పలకలు చేయవచ్చని చూపించింది. యూరపు దేశాల్లో పాత ఇండ్ల గోడలకు, అటకలకు గొర్రె ఉన్ని పరుస్తున్నారు. మన దక్కని గొర్రె ఉన్ని ముతకది, గొంగడికి తప్ప పనికిరాదన్నారు. గొంగడి కప్పుకునేవాళ్లు తగ్గారు, ఉన్ని లేని గొర్రెలు పెరిగాయి, కత్తిరించిన ఉన్ని చాలాచోట్ల పారబోస్తున్నారు. మన కురుమలు ఎండకూ వానకూ చలికీ అదే గొంగడి ఎందుకు కప్పుకున్నారో ఆలోచిస్తే, ఆ ఉన్నిని ఒక అటక మీద పరిచి చూడాలనిపిస్తుంది. కడిగి, వేపనూనెతో శుద్ధి చేసి, చిమటలు రాకుండా సంచుల్లో కుట్టాలి. ఇది నేనింకా ఎక్కడా చేయించలేదు. ఎవరైనా ఒక గది ఇస్తే నేను సిద్ధం.

ఆ గది మన బడిలోనే ఉంది. పాత పెంకల గదులు రెండు మిగిలాయి. స్వర్ణోత్సవ నిధితో వాటి మీద రేకులు వేయిద్దామన్న ప్రతిపాదన సంఘం ముందుంది. ఉద్దేశం మంచిదే, ఆ సార్లు, మిత్రులు పిల్లలు తడవకూడదనే అన్నారు. కానీ ఆ గదుల్లో ఏప్రిల్ నెలలో పరీక్షలు రాసేది పిల్లలే. నా ప్రతిపాదన ఇది. వాసాలు నేను చూశాను, చాలావరకు గట్టిగా ఉన్నాయి. చెడినవి మార్చి, పెంక తిప్పించి, పైన కోతులకు జాలీ వేసి, కింద వెదురు తడిక లోకప్పు కట్టి, ఒక గదిలో ఊక, రెండో గదిలో ఉన్ని పరుద్దాం. రెండు గదుల్లో, పక్కనున్న స్లాబు గదిలో ఒక్కో థర్మామీటరు పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు గంటకోసారి రాసుకుంటారు, ఏడాదికి మన దగ్గర మన ఊరి అంకెలే ఉంటాయి. ఏటా పెంక తిప్పే పనికి కూలి ఇవ్వడానికి సంఘం చిన్న నిధి ఒకటి విడిగా పెట్టాలి. ఈ పని ఎవరూ ఊరికే చేయనక్కర్లేదు. పెంక తిప్పడం తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఇంకా ఉన్నాడు, మాట్లాడాను. ఇద్దరు కుర్రవాళ్లను తోడిస్తే నేర్పుతానన్నాడు. మృగశిర కార్తెకు ముందే మొదలుపెట్టాలట.